బ్యాండ్ మాయమైంది సరే, పట్టుకున్నది ఎవరిని?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది పర్లాకిమిడి. బరంపురంలో జువాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎలుక కిడ్నీలో ఒక రిసెప్టర్ ప్రోటీన్ (కణానికి వచ్చే సంకేతాలు అందుకునేది) ఎంత ఉందో చూడటం నా పని. వాడుతున్నది కుందేలులో తయారైన పాలీక్లోనల్ యాంటీబాడీ, అంటే రకరకాల యాంటీబాడీల మిశ్రమం. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను బరువు ప్రకారం జెల్‌లో విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీతో వెతికే పరీక్ష) రెండు బ్యాండ్లు, అంటే గీతలు, వస్తున్నాయి, ఒకటి రావాల్సిన చోట, ఇంకోటి కాస్త పైన. కంపెనీ అమ్మే బ్లాకింగ్ పెప్టైడ్ (యాంటీబాడీని ఆపే చిన్న ప్రోటీన్ ముక్క) కొని యాంటీబాడీలో కలిపి చూస్తే రెండు బ్యాండ్లూ పోయాయి. "రెండూ పోయాయంటే రెండూ మన ప్రోటీనే, పైది మార్పు చెందిన రూపం అయ్యుంటుంది, అలాగే రాసెయ్" అన్నారు మా గైడ్ గారు. జర్నల్‌కు పేపర్ పంపితే దాన్ని పరిశీలించే రివ్యూయర్ ఒప్పుకోలేదు, పెప్టైడ్ ఒక్కటే చాలదన్నారు. గడువు దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని, బరంపురం

జవాబు: అమ్మా, రివ్యూయర్ మాటే వినండి. మీ గైడ్ గారి ఊహ తప్పని నేను అనను, పై బ్యాండ్ నిజంగానే మీ ప్రోటీన్ కావచ్చు, కానీ మీ చేతిలో ఉన్న ప్రయోగం ఆ సంగతి చెప్పదు. అది చెప్పేది ఇంకొకటి. ఆ తేడా అర్థమైతే మీ టెన్షన్‌లో సగం తగ్గుతుంది, ఎందుకంటే ఏం చెయ్యాలో అప్పుడు తెలుస్తుంది.

ముందు ఆ యాంటీబాడీ ఎలా పుట్టిందో చూడండి. మీ రిసెప్టర్‌లో వందల అమైనో ఆమ్లాలు ఉంటాయి. కంపెనీవాళ్ళు ఆ ప్రోటీన్ మొత్తాన్ని కుందేలుకు ఎక్కించలేదు, అందులో పదిహేనో ఇరవయ్యో అమైనో ఆమ్లాల ముక్కను ఎంచుకుని యంత్రంలో తయారు చేయించారు. అంత చిన్న ముక్కను కుందేలు ఒళ్ళు పట్టించుకోదు కాబట్టి దాన్ని ఒక పెద్ద ప్రోటీన్‌కు అతికించి ఇచ్చారు, సాధారణంగా కేఎల్‌హెచ్ అనే సముద్రపు నత్త రక్తంలోని ప్రోటీన్‌కు. కుందేలు దానికి యాంటీబాడీలు తయారు చేసింది, వాళ్ళు రక్తం తీసి, అదే పెప్టైడ్ అతికించిన కాలమ్ మీదుగా పంపి, అంటుకున్నవాటిని ఏరి మీకు అమ్మారు. ఇప్పుడు మీరు కొన్న బ్లాకింగ్ పెప్టైడ్ కూడా ఆ ముక్కే. దాన్ని ఎక్కువ మోతాదులో కలిపితే యాంటీబాడీ చేతులు రెండూ ముందే నిండిపోతాయి, ఇక మెంబ్రేన్ మీద దేన్నీ పట్టుకోలేదు.

ఇది మన బరంపురం లెక్కలో చెబుతాను. ఒక కుర్రాణ్ణి పిలిచి "పాత్రో గారిని తీసుకురా" అని పంపారనుకోండి. వాడికి మనిషి ముఖం తెలియదు, ఇంటిపేరు మాత్రమే తెలుసు. కోర్టుపేటలో ఒక పాత్రో గారున్నారు, బడాబజార్‌లో ఇంకొకరున్నారు, మీకు కావలసింది ఒక్కరే. వాడు రెండు తలుపులూ తడతాడు. ఇప్పుడు వాడు బయల్దేరకముందే రెండు చేతుల్లోనూ పాత్రో అని రాసిన చీటీలు పెట్టి "ఇదుగో, దొరికారు" అంటే ఇక ఏ తలుపూ తట్టడు. దీనివల్ల మనకేం తెలిసింది? వాడు ఇంటిపేరు చూసే వెళ్తున్నాడు, ఏ ఇల్లు పడితే ఆ ఇంట్లోకి దూరడం లేదు అని తెలిసింది. ఇది చిన్న సంగతి కాదు. కానీ వాడు అంతకుముందు తీసుకొచ్చినాయన మనకు కావలసిన పాత్రో గారేనా అన్నది ఈ చీటీల వల్ల తేలదు, తప్పు ఇల్లూ ఒప్పు ఇల్లూ రెండూ ఒకేసారి ఆగిపోతాయి కదా.

మీ బ్లాట్‌లో జరిగింది సరిగ్గా అదే. యాంటీబాడీ పట్టుకునే చోటు చాలాసార్లు అయిదారు అమైనో ఆమ్లాలంత చిన్నది. అంత చిన్న వరస, లేదా దానికి దగ్గరగా ఉండే వరస, ఎలుక శరీరంలో ఇంకో ప్రోటీన్‌లో ఉండటం వింతేమీ కాదు. ఉంటే ఆ బ్యాండూ పెప్టైడ్‌తో పోతుంది. తలకిందులుగా చూడండి, పెప్టైడ్ కలిపినా పోని బ్యాండ్ ఏదైనా ఉంటే అది మాత్రం పెప్టైడ్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ వల్ల వచ్చింది కాదు, సెకండరీ (మొదటి యాంటీబాడీని చూపించడానికి వాడే రెండో యాంటీబాడీ) వల్లో, సీరమ్‌లో మిగిలిన వేరే యాంటీబాడీల వల్లో వచ్చిందని చెప్పొచ్చు. అంటే ఈ పరీక్ష చెడ్డదాన్ని చెడ్డదని చెప్పగలదు, మంచిదాన్ని మంచిదని చెప్పలేదు. దయచేసి ఈ ఒక్క మాట మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

ఇది నా సొంత కొత్త సిద్ధాంతం కాదు. 2003లో సేపర్, సాచెంకో అనే ఇద్దరు నాడీశాస్త్రవేత్తలు కణజాలం రంగు పరీక్షలకు ఎలాంటి కంట్రోల్స్ (ఫలితం నిజమేనా అని పోల్చి చూసే పరీక్షలు) ఉండాలో ఒక జర్నల్ సంపాదకీయంలో వివరంగా రాశారు, అందులో ఈ పెప్టైడ్ సంగతీ ఉంది. మీరు కిడ్నీ రిసెప్టర్ అన్నారు కాబట్టి ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి. రక్తపోటుతో సంబంధమున్న ఆంజియోటెన్సిన్ ఏటీ1 రిసెప్టర్‌కు మార్కెట్లో అమ్ముతున్న యాంటీబాడీలను 2012, 2013లలో పరీక్షించినప్పుడు, ఆ రిసెప్టర్ జన్యువే లేని నాకౌట్ ఎలుకల్లో కూడా అవి అదే చోట అదే బ్యాండ్ చూపించాయి. లేని ప్రోటీన్‌కు బ్యాండ్! ఆ యాంటీబాడీలతో అప్పటికే ఎన్నో పేపర్లు వచ్చేశాయి. రిసెప్టర్ల విషయంలో మీ రివ్యూయర్ అంత గట్టిగా ఉండటానికి ఇలాంటి అనుభవాలే కారణం, ఆయనకు మీ మీద కోపం ఉండి కాదు.

నేను కూడా ఇలా దెబ్బతిన్నదాన్నే. నా పరిశోధన రోజుల్లో మెదడు ముక్కల మీద ఒక యాంటీబాడీతో చక్కటి రంగు వచ్చేది, పెప్టైడ్ కలిపితే పూర్తిగా పోయేది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఏడాదిన్నర తర్వాత వేరే ల్యాబ్ నుంచి నాకౌట్ ఎలుక మెదడు ముక్కలు నాలుగు దొరికాయి. వాటి మీద కూడా అదే రంగు, అదే కణాల్లో. ఆ రాత్రి మైక్రోస్కోప్ ముందు నుంచి లేవలేకపోయాను. థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం తీసేశాను. మీరు ఆ స్థితికి రాకుండా ఇప్పుడే రివ్యూయర్ ఆపారు, అది మీకు జరిగిన మేలే.

సరే, ఇప్పుడు చెయ్యాల్సింది. మొదటిది పైసా ఖర్చు లేనిది: పెప్టైడ్ వరసను ఎన్‌సీబీఐ బ్లాస్ట్ అనే ఉచిత ఆన్‌లైన్ సాధనంలో పెట్టి ఎలుక ప్రోటీన్లన్నిటితో పోల్చండి. చిన్న వరస కాబట్టి చిన్న వరసలకు తగ్గ సెట్టింగ్ ఎంచుకోండి. వరుసగా అయిదారు అక్షరాలు కలిసిన ప్రోటీన్ ఏదైనా ఉందా, దాని బరువు మీ పై బ్యాండ్ బరువుకు దగ్గరగా ఉందా చూడండి. ఉంటే అనుమానం బలపడినట్టు. లేకపోయినా పూర్తిగా తీరినట్టు కాదు, ఎందుకంటే అచ్చంగా అదే వరస కాకపోయినా యాంటీబాడీ ఒక్కోసారి పట్టుకుంటుంది.

రెండోది, మీ గైడ్ గారి మాటను నేరుగా పరీక్షించండి. చాలా రిసెప్టర్ల మీద చక్కెర గొలుసులు అంటుకుని ఉంటాయి, అందువల్ల అవి అసలు బరువు కన్నా పైన కనిపిస్తాయి. పీఎన్‌గేస్ ఎఫ్ అనే ఎంజైమ్ ఆ గొలుసుల్లో ఒక ముఖ్యమైన రకాన్ని కోసేస్తుంది. శాంపిల్‌ను దానితో కలిపి ఉంచి, కలపని శాంపిల్ పక్కనే నడపండి. పై బ్యాండ్ కిందికి దిగి కింది బ్యాండ్‌తో కలిస్తే మీ గైడ్ గారి ఊహకు మంచి బలం దొరికినట్టు, రివ్యూయర్‌కు చూపించదగ్గ బొమ్మ అది. దిగకపోతే పై బ్యాండ్ గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి.

మూడోది, అసలైనది, ప్రోటీన్ లేని చోట చూడటం. మన కుర్రాడి లెక్కలో, మనకు కావలసిన పాత్రో గారు ఊళ్ళో లేని రోజున వాణ్ణి పంపడం, అప్పుడూ ఎవరినైనా తెస్తే ఆయన వేరే పాత్రో అన్నమాట. నాకౌట్ ఎలుకలు మన ఊళ్ళో దొరకవు, నాకు తెలుసు. కానీ ఆ నాకౌట్ చేసిన ల్యాబ్ ఎక్కడుందో పాత పేపర్లలో ఉంటుంది, వాళ్ళకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి కొంచెం లైసేట్ (కణజాలాన్ని నలిపి తీసిన ప్రోటీన్ల ద్రవం) అడగండి, సిగ్గుపడకండి, చాలామంది ఇస్తారు. నాకు ఆ నాలుగు ముక్కలు వచ్చింది అలాగే. అది కుదరకపోతే కల్చర్‌లో పెంచే కణాల్లో ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (ఒక జన్యువు పనిని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క) ఆ ప్రోటీన్‌ను తగ్గించి బ్యాండ్ కూడా తగ్గుతుందా చూడండి, లేదా ఆ ప్రోటీన్ లేని కణాల్లో ట్యాగ్ (గుర్తుపట్టడానికి తగిలించే చిన్న తోక) ఉన్న జన్యువు పెట్టి మీ యాంటీబాడీ, ట్యాగ్ యాంటీబాడీ ఒకే బ్యాండ్‌ను చూపిస్తాయా చూడండి. అదే ప్రోటీన్‌లో వేరే భాగానికి తయారైన ఇంకో యాంటీబాడీ దొరికితే అదీ మంచిదే, రెండింటికీ వేరువేరు చుట్టాలుంటారు కాబట్టి ఇద్దరూ ఒకే మనిషిని చూపిస్తే నమ్మకం పెరుగుతుంది. 2016లో ఊలెన్, ఇంకొందరు కలిసి నేచర్ మెథడ్స్‌లో యాంటీబాడీ నమ్మదగ్గదో కాదో తేల్చడానికి అయిదు మార్గాలు ప్రతిపాదించారు: జన్యువు తీసేసి చూడటం, యాంటీబాడీ అవసరం లేని వేరే పద్ధతితో పోల్చడం, రెండో యాంటీబాడీ, ట్యాగ్, పట్టుకున్నదాన్ని మాస్ స్పెక్‌లో (అణువుల బరువును బట్టి ప్రోటీన్‌ను గుర్తుపట్టే యంత్రం) చదవడం. ఆ అయిదింటిలో పెప్టైడ్ బ్లాకింగ్ లేదు. మీ జవాబు లేఖలో ఇవన్నీ చేశామని రాయనక్కర్లేదు, ఒకటో రెండో గట్టిగా చేస్తే చాలు.

గైడ్ గారితో ఎలా చెప్పాలి అన్నది మీరు అడగలేదు కానీ ఆ భయం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. ఎంజైమ్ ప్రయోగాన్ని ముందు పెట్టండి, "సార్, మీరన్నది నిజమని చూపించడానికి ఇది చేస్తాను" అనండి. అది అబద్ధం కాదు, నిజంగానే ఆ ప్రయోగం అందుకే.

ప్రశ్న: సార్/మేడమ్, నేను జయపురంలో ఉంటాను, ల్యాబ్ టెక్నీషియన్‌ని. పెప్టైడ్ ఎంత కలపాలి, ఎంతసేపు ఉంచాలి అన్నది ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. మాకు ఒక్క చిన్న సీసానే ఉంది, వృథా చేసే వీలు లేదు. కరెంటు కూడా తరచూ పోతుంది, పెప్టైడ్ పాడవుతుందా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: చాలా కాగితాల్లో కనిపించే మాట ఒకటుంది, యాంటీబాడీ బరువుకు అయిదు నుంచి పది రెట్లు పెప్టైడ్. అంటే ఒక మైక్రోగ్రామ్ యాంటీబాడీకి అయిదు మైక్రోగ్రాములు. వినడానికి కొంచెమే అనిపిస్తుంది కానీ లెక్క చూడండి, ఐజీజీ అనే మామూలు రకం యాంటీబాడీ ఒకదాని బరువు దాదాపు 1,50,000 డాల్టన్లు (అణువుల బరువుకు కొలమానం), పదిహేను అమైనో ఆమ్లాల పెప్టైడ్ బరువు 1,650 దగ్గర. అంటే సమాన బరువు తీసుకున్నా ఒక్కో యాంటీబాడీకి తొంభై పెప్టైడ్‌లు వస్తాయి, అయిదు రెట్లంటే నాలుగు వందల యాభై. యాంటీబాడీకి ఉన్నవి రెండు చేతులే. కాబట్టి శుద్ధి చేసిన యాంటీబాడీ అయితే అయిదు రెట్లు చాలు, ఇరవై రెట్లు పోసి సీసా ఖాళీ చేసుకోకండి. శుద్ధి చెయ్యని సీరమ్ అయితే వేరే సంగతి, అందులో పనికొచ్చే యాంటీబాడీ ఎంతుందో తెలియదు, అక్కడ రెండు మూడు మోతాదులు చూడాల్సిందే.

పని ఇలా చెయ్యండి. మీరు బ్లాట్‌కు వాడే డైల్యూషన్‌కు (పల్చన చేసిన ద్రవం) కావలసినంత యాంటీబాడీని ముందు కొద్ది బఫర్‌లో తీసుకుని రెండు ట్యూబుల్లో సమంగా పొయ్యండి. ఒకదానిలో పెప్టైడ్, రెండోదానిలో పెప్టైడ్ కరిగించిన ద్రవం మాత్రమే అంతే కొలత. రెండూ పక్కపక్కనే గది వేడిలో అరగంట నుంచి గంట, లేదా నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా, మెల్లగా తిరుగుతూ ఉండాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో పదిహేను నిమిషాలు గట్టిగా తిప్పి పై ద్రవం తీసుకుని అప్పుడు పూర్తి డైల్యూషన్‌కు పెంచుకోండి. చాలామంది పెప్టైడ్ కలిపిన ట్యూబును మాత్రమే రాత్రంతా ఉంచి, రెండోదాన్ని పొద్దున్నే తాజాగా కలుపుతారు, అప్పుడు బ్యాండ్ తగ్గింది పెప్టైడ్ వల్లా, రాత్రంతా ఉండి యాంటీబాడీ బలం తగ్గడం వల్లా అన్నది తెలియదు. వీలైతే మూడో ట్యూబులో సంబంధం లేని ఇంకో పెప్టైడ్ అదే మోతాదులో పెట్టండి, దాంతో బ్యాండ్ పోకూడదు. ఒకే జెల్, ఒకే మెంబ్రేన్ కోసి ముక్కలు చేసినది, ఒకే ఎక్స్‌పోజర్. ఇందులో రాజీ పడొద్దు.

కణజాలం ముక్కల మీద చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. పెప్టైడ్‌లో లైసీన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువుంటే అదే కణజాలానికి అంటుకుంటుంది, యాంటీబాడీని వెంటబెట్టుకుని మరీ. అప్పుడు రంగు తగ్గడానికి బదులు పెరగొచ్చు, భయపడి యాంటీబాడీని తప్పు పట్టకండి.

కరెంటు విషయం. పొడిగా ఉన్న పెప్టైడ్ గట్టిపిండం, కొరియర్‌లో నాలుగు రోజులు గది వేడిలో వచ్చినా సాధారణంగా ఏమీ కాదు. కరిగించాక మాత్రం నాజూకు. అందుకే సీసా మొత్తం ఒకేసారి కరిగించకుండా కొంత పొడిగానే ఉంచండి, కరిగించినదాన్ని ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ ఇరవైలో పెట్టండి, కరిగించి మళ్ళీ గడ్డకట్టించడం వద్దు. వరసలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే గాలి తగిలి రెండేసి అతుక్కుంటాయి, దాన్ని వెంటనే వాడెయ్యాలి. నీళ్ళలో కరగకపోతే పెప్టైడ్ స్వభావం చూడండి: ఆమ్ల గుణం ఉన్నదానికి కొంచెం పల్చటి అమోనియా, క్షార గుణం ఉన్నదానికి పల్చటి ఎసిటిక్ యాసిడ్, నూనె గుణం ఉన్నదానికి కొద్దిగా డీఎంఎస్ఓ అనే ద్రావకం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రీజర్లలో ఉన్న యాంటీబాడీలు ఎన్నో పోయాయి, పొడిగా ఉన్న పెప్టైడ్‌లు మాత్రం తర్వాత కూడా పనిచేశాయి. మీ ల్యాబ్‌లో దేనికి ఇన్వర్టర్ ముందు ఇవ్వాలి అంటే యాంటీబాడీ ఫ్రిజ్‌కే.

ప్రశ్న: నేను గుణుపురంలో సైన్స్ టీచర్‌ని. మా దగ్గర ఆశా దీదీలు జ్వరం వచ్చినవాళ్ళకు వేలి రక్తంతో మలేరియా కిట్ వేస్తారు. అందులో కూడా యాంటీబాడీలే కదా, అవి పొరబడవా? పిల్లలు అడిగారు.
– ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: పిల్లలు చాలా మంచి ప్రశ్న అడిగారు మాస్టారూ, నా తరఫున శభాష్ అని చెప్పండి. ఆ కిట్‌లో ఫాల్సిపరం మలేరియాను పట్టే గీత దగ్గర ఉండేది హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌కు యాంటీబాడీ. ఆ ప్రోటీన్‌లో హిస్టిడిన్, అలనిన్ అనే అమైనో ఆమ్లాలున్న చిన్న వరసలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, యాంటీబాడీలు పట్టుకునేది వాటినే. అదే పరాన్నజీవిలో హెచ్‌ఆర్‌పీ3 అని ఇంకో ప్రోటీన్ ఉంది, అందులోనూ అలాంటి వరసలే, అందుకని ఆ యాంటీబాడీలు దాన్నీ పట్టుకుంటాయి. పైన నేను చెప్పిన రెండు పాత్రో ఇళ్ళ కథే ఇది, ఆ వరసతో పెప్టైడ్ చేసి కలిపితే రెండూ ఆగిపోతాయి. అయితే ఇక్కడ ఆ పొరపాటు వల్ల నష్టం లేదు, ఎవరిని పట్టినా ఫాల్సిపరమే కదా. ల్యాబ్‌లో తప్పైనది ఊళ్ళో తప్పు కాకపోవడానికి ఇది మంచి ఉదాహరణ, అడిగిన ప్రశ్న ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది.

అసలు ఇబ్బందులు రెండు వేరే ఉన్నాయి. మందు వాడి తగ్గిన తర్వాత కూడా ఆ ప్రోటీన్ వారాల పాటు రక్తంలో ఉంటుంది, కాబట్టి గీత కనిపించినంత మాత్రాన మలేరియా మళ్ళీ వచ్చినట్టు కాదు. రెండోది, కొన్ని పరాన్నజీవుల్లో ఆ జన్యువే ఉండదు, 2010లో పెరూ దేశంలో మొదట బయటపెట్టారు, తర్వాత ఇతర చోట్లా కనిపించింది. అలాంటివి ఈ గీతకు చిక్కవు. అందుకే కిట్ నెగటివ్ వచ్చినా జ్వరం, చలి వదలకపోతే రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూసే స్లైడ్ పరీక్షకు పంపాలి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు ఈ మాట పిల్లల ద్వారా ఇళ్ళకు చేరితే ఎంతో మంచిది.

ప్రశ్న: ఎమ్మెస్సీ చదువుతున్నాను, మాది సిరోంచ. మా ల్యాబ్‌లో ఫాస్ఫో యాంటీబాడీ (ఫాస్ఫేట్ అంటుకున్న ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకోవాల్సినది) ఉంది. కంపెనీ పెప్టైడ్ వరస చెప్పడం లేదు, పెప్టైడ్ మాత్రం విడిగా అమ్ముతామంటోంది. ఇంకో కంపెనీ పెప్టైడ్ వాడొచ్చా?
– ఒక విద్యార్థి, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: వాడకు నాన్నా, వరస ఒకటే అని తెలిస్తే తప్ప. వేరే ముక్క అయితే బ్యాండ్ పోదు, యాంటీబాడీ చెడ్డదనుకుంటావు. మొత్తం ప్రోటీన్‌ను ఇచ్చి తయారు చేసిన యాంటీబాడీ అయినా అంతే, చిన్న పెప్టైడ్ దాన్ని పూర్తిగా ఆపలేదు.

ఫాస్ఫో యాంటీబాడీకి మాత్రం పెప్టైడ్ పరీక్ష నిజంగా పనికొస్తుంది, కానీ ఒకటి కాదు, రెండు కొనాలి. ఫాస్ఫేట్ ఉన్నది, అదే వరస ఫాస్ఫేట్ లేనిది. మొదటిదానితో బ్యాండ్ పోవాలి, రెండోదానితో అలాగే ఉండాలి. రెండింటితోనూ పోతే నీ యాంటీబాడీ ఫాస్ఫేట్‌ను చూడటం లేదు. ఇంకా చౌకైన దారి కూడా ఉంది, మెంబ్రేన్‌నో శాంపిల్‌నో ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌తో కడిగి ఫాస్ఫేట్‌లు తీసేసి చూడు, బ్యాండ్ పోవాలి. మామూలు యాంటీబాడీతో మొత్తం ప్రోటీన్ అక్కడే ఉందని కూడా పక్కన చూపించు.

వరస చెప్పని కంపెనీకి మీ సార్ పేరుతో ఒకసారి ఈమెయిల్ రాయించు, కొందరు మాట తీసుకుని ఇస్తారు. ఇవ్వకపోతే తర్వాతి సారి వరస చెప్పే చోట కొనండి.